మెయిలు పెట్టెలో గింజ, తాలు: స్పామ్ లేబులును, గోప్యత ఏర్పాట్లను వాడుకొను విధము

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతముల పేర్లు తెలంగాణ పల్లెలలో చాల ఇండ్ల వారికి తెలిసినవే. ఉద్యోగ పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు, హాస్టళ్లు, పుస్తకముల అంగళ్లు, జిరాక్సు దుకాణములు అక్కడ ఒకదానిప్రక్క ఒకటిగా ఉన్నవి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో రోజంతయు కూర్చుండి చదువుకొను యువతీయువకులలో చాలమంది పల్లెల నుండి వచ్చినవారే. వారి హాస్టలు కిరాయి, శిక్షణ రుసుము, భోజనపు ఖర్చు చాల ఇండ్లలో వడ్లు, పత్తి అమ్మిన డబ్బు నుండియే పోవుచున్నవి.

ఈ పిల్లలు పెట్టుకొన్న దరఖాస్తుల సమాచారము నేడు పోస్టుమాను చేతిమీదుగా వచ్చుట తక్కువ. అది సంస్థ వెబ్‌సైటులో ఉండును. లేదా ఈ-మెయిలు ద్వారా, సెల్‌ఫోను సందేశము ద్వారా వచ్చును. బ్యాంకు ఉద్యోగములకు పరీక్షలు జరుపు ఐ.బి.పి.ఎస్. సంస్థ, నియామకము పూర్తియగువరకు అభ్యర్థి తన మెయిలు చిరునామాను వాడుకలో ఉంచుకొనవలెనని తన ప్రకటనలలోనే చెప్పుచున్నది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమీషన్‌లో పేరు నమోదు చేసుకొనునప్పుడును మెయిలు చిరునామా ఇయ్యవలసి యున్నది.

మెయిలు పెట్టె పిల్లలకే కాదు, మీకును ఉన్నది. ఆండ్రాయిడు ఫోనులో ప్లే స్టోరు నుండి యాప్‌లు దింపుకొనుటకు గూగుల్ ఖాతా కావలెను. కావున ఫోను కొన్ననాడే దుకాణము వారో, ఇంటిలోని పిల్లలో మీ పేర ఒక జీమెయిలు ఖాతా తెరచియుందురు. దాని పాస్‌వర్డు మీకు తెలియనిచో మీ గాదె తాళము చెవి మరియొకరి మొలత్రాటికి ఉన్నట్లే లెక్క.

ఈ పెట్టె వలన రెండు విధముల నష్టము కలుగవచ్చును. కావలసిన ఉత్తరము తాలుతో కొట్టుకొని పోవుట మొదటిది. దొంగ ఉత్తరము గింజలలో కలిసి వచ్చుట రెండవది. మొదటిదాని వలన పిల్లల అవకాశము పోవును. రెండవదాని వలన ఇంటి డబ్బు పోవును. ఈ రెండును తప్పించుకొనుటకు ఒక విషయము బాగుగా తెలిసికొనవలెను. 'స్పామ్' అను చీటీ యంత్రము యొక్క అనుమానము మాత్రమే. అది తీర్పు కాదు. ఆ చీటీ లేకపోవుట కూడ నమ్మకమునకు గుర్తు కాదు. తీర్పు చెప్పవలసినది మీరే.

స్పామ్ అనగా ఏమి?

మనము అడుగకయే, గుంపుగా, వేలమందికి ఒకేసారి పంపబడు ఉత్తరములకు స్పామ్ అని పేరు. నిజమునకు ఇది అమెరికాలో 1937లో అమ్మకమునకు వచ్చిన ఒక డబ్బా మాంసము పేరు. 1970లో ఇంగ్లండు టెలివిజనులో ప్రసారమైన ఒక హాస్య నాటికలో కొందరు ఈ మాటనే పదే పదే పాడి, ప్రక్కవారి మాటలు వినపడకుండ చేయుదురు. అక్కరలేని ఉత్తరములు అక్కరగల ఉత్తరములను అట్లే కప్పివేయుచున్నందున కంప్యూటరు వాడువారు వీటికి ఆ పేరు పెట్టిరి. ఇట్టి ఉత్తరములలో మొదటిదిగా చెప్పబడునది 1978 మే 3వ తేదీన ఒక అమెరికా కంప్యూటరు కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి పంపిన అమ్మకపు ప్రకటన.

స్పామ్‌లో మూడు రకములు గలవు:

1. మీరు ఎప్పుడో చిరునామా ఇచ్చిన దుకాణములు, శిక్షణ సంస్థలు పంపు ప్రకటనలు. వీటివలన చికాకే గాని నష్టము లేదు.

2. మీరు ఎన్నడును వినని వారు పంపు ప్రకటనలు. మీ చిరునామా ఎక్కడనో చేతులు మారినదని వీటివలన తెలియును.

3. బ్యాంకు పేరనో, ప్రభుత్వ శాఖ పేరనో, ఉద్యోగ సంస్థ పేరనో వచ్చు మోసపు ఉత్తరములు. వీటిని ఫిషింగ్ ఉత్తరములందురు. గాలమునకు ఎర గ్రుచ్చి చేపను పట్టునట్లు, ఆశనో భయమునో చూపి మీ పాస్‌వర్డును, డబ్బును లాగుకొనుట వీటి ఉద్దేశము.

యంత్రము వీటిని ఎట్లు వేరుచేయును?

కల్లములో తూర్పార పట్టునప్పుడు గాలి గింజను పరిశీలించి చూడదు. బరువునుబట్టి మాత్రమే వేరుచేయును. అందుచేత తేలికైన మంచి గింజ తాలుతో పోవచ్చును. బరువైన మట్టిగడ్డ వడ్లతోనే పడవచ్చును. మెయిలు యంత్రము కూడ ఇట్లే గుర్తులను బట్టి పనిచేయును. ఉత్తరములోని భావము మనవలె దానికి తెలియదు.

మొదట్లో కొన్ని మాటల పట్టికను పెట్టుకొని, ఆ మాటలున్న ఉత్తరములను ప్రక్కకు త్రోసెడివారు. పంపువారు ఆ మాటలను కొద్దిగా మార్చి తప్పించుకొనిరి. 1998 నుండి పరిశోధకులు లెక్కలతో కూడిన మరియొక పద్ధతిని సూచించిరి. 2002లో పాల్ గ్రాహమ్ అను కంప్యూటరు నిపుణుడు వ్రాసిన వ్యాసముతో అది బాగుగా ప్రచారములోనికి వచ్చినది. ఆ పద్ధతి ఇది: మీరు స్పామ్ అని చెప్పిన ఉత్తరములలో ఒక మాట ఎన్నిమారులు వచ్చినది, మంచివని ఉంచుకొన్న ఉత్తరములలో ఎన్నిమారులు వచ్చినది యంత్రము లెక్కించును. 'లాటరీ' అను మాట మొదటి వాటిలో ఎక్కువగాను, రెండవ వాటిలో తక్కువగాను ఉన్నచో, ఆ మాట గల క్రొత్త ఉత్తరము స్పామ్ అగుటకు అవకాశము ఎక్కువ. ఇట్లు మాటలన్నిటి లెక్కను కలిపి తుది అంచనా వేయును.

నేటి యంత్రములు మాటలతోబాటు పంపినవారి చిరునామాను, ఆ ఉత్తరము నిజముగా ఆ సంస్థ కంప్యూటరు నుండియే బయలుదేరినదా అనుదానిని, వాడకందారుల ఫిర్యాదులను కూడ చూచును. జీమెయిలు ఖాతాలకు రోజుకు 5,000 లేక అంతకు మించి ఉత్తరములు పంపు సంస్థలు తమ ఉత్తరములపై గుర్తింపు ముద్ర వేయవలెననియు, ప్రకటనలు వలదన్నవారికి ఒక్క నొక్కుతో ఆపు వీలు కల్పించవలెననియు గూగుల్ 2024 ఫిబ్రవరి నుండి నియమము పెట్టినది. స్పామ్, మోసపు ఉత్తరములలో నూటికి 99.9 పాళ్లకు పైగా తాము ఆపుచున్నామని గూగుల్ చెప్పుకొనుచున్నది. అయినను మిగిలిన ఆ కొద్దిపాటిలో ఒక్కటి చాలు, ఒక ఇంటిని ముంచుటకు.

లేబులు అనగా ఏమి?

జీమెయిలు 2004 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమైనది. అందులో ఉత్తరములను అరలలో సర్దు పద్ధతికి బదులు లేబులు పద్ధతి పెట్టిరి. లేబులు అనగా చీటీ. ఒక విత్తనపు బస్తాను రెండు గదులలో ఒకేసారి ఉంచలేము. కాని ఒకే బస్తాకు రకము పేరుతో ఒక చీటీ, కొన్న సంవత్సరముతో ఒక చీటీ కట్టవచ్చును. అట్లే ఒక ఉత్తరమునకు 'బ్యాంకు' అని ఒక లేబులు, 'పంట రుణము' అని మరియొక లేబులు తగిలించవచ్చును. ఏ చీటీని నొక్కినను ఆ ఉత్తరము కనిపించును.

ఇన్‌బాక్సు కూడ ఒక చీటీయే. స్పామ్ మాత్రము ప్రత్యేకమైన చీటీ. అది తగిలిన ఉత్తరము ఇన్‌బాక్సులో కనిపించదు. వచ్చినట్లు ఫోను మ్రోగదు. 30 రోజులు గడచిన తరువాత దానంతట అదే తొలగిపోవును. ఈ 30 రోజుల గడువు చాల ముఖ్యము. వడ్లు కల్లములో ఉన్నంతవరకు తాలును మరల చెరగవచ్చును. ఊడ్చి పారవేసిన తరువాత చేయగలిగినది లేదు.

ఇన్‌బాక్సులోనే 'ప్రమోషన్స్', 'సోషల్', 'అప్‌డేట్స్' అను విభాగములు కూడ ఉండవచ్చును. ఉత్తరము రాలేదని తోచినప్పుడు స్పామ్ ఒక్కటియే గాక ఈ విభాగములను కూడ వెదకవలెను.

వారమునకు ఒకమారు చేయవలసిన పని

మీ ఊరి సంతరోజును గుర్తు పెట్టుకొని, వారమునకు ఒకమారు స్పామ్ పెట్టెను చూడవలెను. పరీక్షలు, ఫలితములు, రుణ మంజూరు వంటివి ఎదురుచూచు రోజులలో రోజు విడిచి రోజు చూచుట మేలు.

1. ఫోనులో జీమెయిలు తెరచి, ఎడమవైపు పైభాగమున ఉన్న మూడు గీతల గుర్తును నొక్కవలెను. క్రిందికి జరిపినచో 'స్పామ్' అను మాట కనిపించును.

2. పంపినవారి పేరును, శీర్షికను మాత్రమే చదువుచు పోవలెను. ప్రతి ఉత్తరమును తెరువ నక్కరలేదు.

3. మంచి ఉత్తరము కనిపించినచో దానిని తెరచి, పంపినవారి పూర్తి చిరునామాను సరిచూచుకొని, 'నాట్ స్పామ్' అను దానిని నొక్కవలెను. ఉత్తరము ఇన్‌బాక్సునకు తిరిగి వచ్చును.

4. ఆ పంపినవారి చిరునామాను మీ కాంటాక్ట్సులో చేర్చుకొనవలెను. తెలిసినవారి ఉత్తరము స్పామ్‌లో పడుట అందువలన తగ్గును.

5. ఇన్‌బాక్సులోనికి వచ్చిన చెడ్డ ఉత్తరమును ఊరక తొలగించుట చాలదు. 'రిపోర్ట్ స్పామ్' అని చెప్పవలెను. తొలగించుట వలన యంత్రము ఏమియు నేర్చుకొనదు. చెప్పుట వలన నేర్చుకొనును. బ్యాంకు పేరనో, ప్రభుత్వము పేరనో వచ్చిన మోసమైనచో కంప్యూటరులో 'రిపోర్ట్ ఫిషింగ్' అను వేరు సదుపాయము గలదు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. మీరే కోరి చేరిన సంస్థ ప్రకటనలు విసుగు కలిగించినచో, జీమెయిలు ఉత్తరము పైభాగమున చూపు 'అన్‌సబ్‌స్క్రైబ్' అను దానిని నొక్కి ఆపవచ్చును. ఊరుపేరు లేని ఉత్తరము లోపల అట్టి మాట ఉన్నచో నొక్కకూడదు. నొక్కినచో ఈ చిరునామాకు మనిషి ఉన్నాడని పంపినవానికి రూఢియగును, ఉత్తరములు ఎక్కువగును.

మీరే ఒక జల్లెడ కట్టుట

ముఖ్యమైన సంస్థల ఉత్తరములు ఎన్నడును స్పామ్‌లో పడకుండ మీరే ఏర్పాటు చేసికొనవచ్చును. దీనిని ఫిల్టరు అందురు. ఫోను యాప్‌లో ఈ వీలు లేదు. కంప్యూటరు మీద చేయవలెను. హైదరాబాదులో చదువుకొను పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు చేయించుకొనవచ్చును.

జీమెయిలు పైభాగమున వెదకు పెట్టె కుడిచివర ఒక చిన్న గుర్తు ఉండును. దానిని నొక్కినచో ఒక పట్టిక తెరచుకొనును. 'ఫ్రమ్' అనుచోట ఆ సంస్థ పూర్తి మెయిలు చిరునామాను వ్రాసి, 'క్రియేట్ ఫిల్టర్' నొక్కవలెను. తరువాతి పట్టికలో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అను దానికి గుర్తు పెట్టవలెను. 'అప్లై ద లేబుల్' అనుచోట 'ఉద్యోగము' అనియో, 'బ్యాంకు' అనియో మీ ఇష్టము వచ్చిన పేరు తెలుగులోనే పెట్టుకొనవచ్చును.

ఫిల్టరులో చిరునామాకు బదులు 'నియామకము' వంటి మాటను వ్రాయకూడదు. ఆ మాటను మోసగాండ్రు కూడ వాడుదురు. చెరువు తూము బాగుచేయబోయి కట్టకు గండి కొట్టినట్లగును.

వరిలో ఊదను గుర్తించుట

వరిపొలములో ఊద మొలక వరి మొలకవలెనే ఉండును. తెలియనివారు ఊదను ఉంచి వరిని పీకివేయుదురు. తెలిసిన రైతు ఆకును విప్పి చూచును. ఆకు, తొడుగు కలియుచోట వరికి పల్చని పొర ఉండును, ఊదకు ఉండదు. దొంగ ఉత్తరమును కూడ అట్లే ఒక్కచోట విప్పి చూడవలెను. ఆ చోటు పంపినవారి చిరునామా.

ఉత్తరముపై కనిపించు పేరును పంపువాడు తన ఇష్టము వచ్చినట్లు వ్రాసికొనవచ్చును. 'పబ్లిక్ సర్వీస్ కమీషన్' అని ఎవరైనను పెట్టుకొనగలరు. కావున పేరు క్రింద నున్న చిన్న బాణపు గుర్తును నొక్కి పూర్తి చిరునామాను చూడవలెను. 'ఎట్' గుర్తు తరువాత నున్న భాగమును కుడి చివర నుండి ఎడమకు చదువవలెను. ప్రభుత్వ చిరునామాలు సాధారణముగా 'జీఓవీ డాట్ ఇన్' అనియో, 'నిక్ డాట్ ఇన్' అనియో ముగియును. ఆ తరువాత మరియొక మాట తగిలించి 'డాట్ కామ్' అని ముగిసినచో అది ప్రభుత్వ చిరునామా కాదు. 'జీఓవీ' అను మాటకు ముందు చుక్కకు బదులు అడ్డగీత ఉన్నచో అదియు కాదు. ఆ అడ్డగీత మాటున ఎవరైనను పేరు కొనుగోలు చేయవచ్చును.

ఉద్యోగార్థుల ఇండ్లలో ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో గ్రూప్-1 పరీక్ష చరిత్రను చూచినచో తెలియును. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరు 16న ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు బయటికి పొక్కినందున 2023 మార్చిలో అది రద్దయినది. 2023 జూన్ 11న మరల జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు క్రొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న ప్రాథమిక పరీక్ష, అక్టోబరు 21 నుండి 27 వరకు మెయిన్స్ పరీక్షలు జరిగినవి. రెండున్నర సంవత్సరముల ఈ ఎదురుచూపులో అశోక్ నగర్ హాస్టళ్లలోని పిల్లలకు గాని, ఊరిలో కిరాయి పంపు తలిదండ్రులకు గాని ఒక మాట చెవిని పడినచో చాలు, ప్రాణము లేచి వచ్చును. మోసపు ఉత్తరము పనిచేయునది అట్టి సమయముననే.

కావున ఈ మూడు మాటలను ఇంటిల్లిపాది జ్ఞాపకముంచుకొనవలెను. ప్రభుత్వ నియామక సంస్థలు దరఖాస్తు రుసుమును ప్రకటనలో చెప్పిన పద్ధతిలోనే తీసుకొనును; ఎంపికైతివని చెప్పి డిపాజిట్టును, ఖర్చులను మెయిలు ద్వారా అడుగవు. కమీషన్ హాల్ టికెట్లను దాని వెబ్‌సైటు చిరునామాను మీరే స్వయముగా వ్రాసి తెరచి దింపుకొనవలెను. ఉత్తరములోని లింకును నొక్కి కాదు. 'ఈ రాత్రిలోపల కట్టనిచో ఉద్యోగము పోవును' అని తొందర పెట్టు ఉత్తరమును తెల్లవారువరకు ముట్టకూడదు.

పి.ఎం. కిసాన్ సొమ్ము, బ్యాంకు కె.వై.సి. పేరుతో ఫోనునకు వచ్చు లింకులకు, యాప్ ఫైళ్లకు కూడ ఇదే సూత్రము వర్తించును. ప్లే స్టోరు నుండి గాక సందేశములో వచ్చిన ఏ యాప్‌ను ఫోనులో వేసికొనకూడదు.

గోప్యత ఏర్పాట్లు

తాలును వేరుచేయుట ఒక పని. గాదెకు తాళము వేయుట మరియొక పని. రెండవది ఒకమారు శ్రద్ధగా చేసినచో చాలకాలము నిలుచును.

పాస్‌వర్డు: ఖాతాను మరియొకరు తెరచి ఇచ్చినచో నేడే పాస్‌వర్డు మార్చవలెను. పుట్టినతేదీ, ఫోను నంబరు, పిల్లల పేర్లు పెట్టకూడదు. మూడు నాలుగు సంబంధము లేని మాటలు కలిపి పొడవుగా పెట్టినచో కనిపెట్టుట కష్టము. ఒక కాగితముపై వ్రాసి పట్టాపుస్తకము ఉంచుచోట ఉంచవచ్చును. ఫోను కవరులో మాత్రము ఉంచకూడదు.

రెండంచెల తాళము: గూగుల్ ఖాతాలోని 'సెక్యూరిటీ' భాగమున 'టు-స్టెప్ వెరిఫికేషన్' అను ఏర్పాటు గలదు. దీనిని పెట్టుకొన్నచో పాస్‌వర్డు దొంగిలింపబడినను, మీ ఫోను అనుమతి లేనిదే క్రొత్తచోట ఖాతా తెరచుకొనదు. అక్కడనే ఉన్న రికవరీ ఫోను నంబరు మీదేనా, పాత సిమ్ముదా సరిచూచుకొనవలెను.

దొంగ కాలువ: మీ ఖాతాలో ఒకమారు చొరబడినవాడు మీ ఉత్తరములు తనకు కూడ పోవునట్లు రహస్యముగా కాలువ త్రవ్వి పోవచ్చును. కంప్యూటరులో 'సీ ఆల్ సెట్టింగ్స్' తెరచి, 'ఫార్వర్డింగ్' అను భాగమున తెలియని చిరునామా ఉన్నదేమో చూడవలెను. 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రెసెస్' అను భాగమున మీరు పెట్టని ఫిల్టరు ఉన్నచో తీసివేయవలెను. పాస్‌వర్డు మార్చినను ఈ కాలువ ఉన్నంతవరకు నీరు పోవుచునే యుండును.

బొమ్మల గూఢచర్యము: కొన్ని ఉత్తరములలో కంటికి కనిపించనంత చిన్న బొమ్మను పెట్టుదురు. మీరు ఉత్తరము తెరచినప్పుడు ఆ బొమ్మ వారి కంప్యూటరు నుండి తెప్పించబడును. దానివలన మీరు తెరచినట్లు వారికి తెలియును. సెట్టింగ్స్‌లో 'ఇమేజెస్' అనుచోట 'ఆస్క్ బిఫోర్' అని మొదలగు ఏర్పాటును ఎంచుకొన్నచో, మీరు అనుమతించువరకు బొమ్మలు రావు.

చిరునామాకు తోక: జీమెయిలులో మీ పేరు తరువాత, 'ఎట్' గుర్తునకు ముందు, కూడిక గుర్తు పెట్టి ఒక మాట చేర్చినను ఉత్తరము మీకే వచ్చును. శిక్షణ సంస్థకు ఇచ్చునప్పుడు 'కోచింగ్' అని, దుకాణమునకు ఇచ్చునప్పుడు 'షాపు' అని ఆంగ్ల అక్షరములతో తోక తగిలించి ఇయ్యవచ్చును. తరువాత ఆ తోకతోనే ఊరుపేరు లేని ప్రకటనలు వచ్చినచో మీ చిరునామా ఎవరి వద్దనుండి బయటికి పోయినదో తెలియును. కొన్ని దరఖాస్తులు ఈ గుర్తును అంగీకరించవు; వాటికి అసలు చిరునామానే ఇయ్యవలెను.

ఖాతాను బ్రదికించుకొనుట: రెండు సంవత్సరములు వాడని ఖాతాలను తొలగించు నియమమును గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలులోనికి తెచ్చినది. ఉచితముగా ఇచ్చు 15 జీబీ స్థలము నిండినచో క్రొత్త ఉత్తరములు రావు. ఫోటోలు కూడ ఆ స్థలములోనే చేరును. కావున అప్పుడప్పుడు ఖాతాను తెరచుచు, అక్కరలేని పెద్ద ఫైళ్లను తొలగించుచుండవలెను.

జిరాక్సు దుకాణములు, నెట్ సెంటర్ల వద్ద

దరఖాస్తుల గడువు రోజులలో అశోక్ నగర్, నారాయణగూడ దుకాణముల వద్ద పిల్లలు బారులు తీరుదురు. మార్కుల పత్రములు, కుల ధ్రువీకరణము, ఆధార్ నకలు దుకాణము వారి మెయిలుకు పంపి అచ్చు వేయించుకొందురు. పని ముగిసి పిల్లలు పోవుదురు. కాగితములు మాత్రము ఆ కంప్యూటరులోనే యుండును. మండల కేంద్రములోని దుకాణములలో మీరు పట్టా నకలు తీయించుకొనునప్పుడును ఇంతే.

అచ్చు వేసిన వెంటనే ఆ ఉత్తరమును, దింపిన ఫైలును మీ ఎదుటనే తొలగింపుమని మర్యాదగా కోరవలెను. తొలగించినవి చెత్తబుట్టలో ఉండును గనుక అక్కడినుండి కూడ తీయించవలెను. పూర్తి ఆధార్ నంబరు అవసరము లేనిచోట, మొదటి 8 అంకెలు మరుగుపరచిన ఆధార్ నకలును వాడవచ్చును. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో అది దొరకును. దుకాణపు కంప్యూటరులో మీ మెయిలు తెరచినచో పాస్‌వర్డును గుర్తుంచుకొనుమందువా అని అది అడిగినప్పుడు వలదనవలెను. లేచునప్పుడు తప్పక 'సైన్ అవుట్' చేయవలెను. మరచి వచ్చినచో భయపడ నక్కరలేదు. మీ ఫోనులో గూగుల్ ఖాతా సెక్యూరిటీ భాగమున 'యువర్ డివైసెస్' అను పట్టికను తెరచి, ఆ కంప్యూటరును అక్కడినుండియే బయటికి పంపవచ్చును.

నష్టము జరిగినచో

డబ్బు పోయినదని తెలిసిన నిమిషముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఇది సైబరు ఆర్థిక మోసముల ఫిర్యాదులకు దేశమంతటికిని ఉన్న నంబరు. డబ్బు దొంగ ఖాతా నుండి మరియొక ఖాతాకు పోకముందే ఆపింపగలిగినచో తిరిగి వచ్చు అవకాశము ఉన్నది. ఆలస్యమైనకొలది ఆ అవకాశము తగ్గును. అటుపిమ్మట మీ బ్యాంకునకు తెలిపి, పాస్‌వర్డు మార్చి, పైన చెప్పిన దొంగ కాలువ ఉన్నదేమో చూడవలెను. మోసపు ఉత్తరమును తొలగింపక సాక్ష్యముగా ఉంచవలెను. సిగ్గుపడి దాచిపెట్టుటకంటె పెద్ద నష్టము లేదు. తెలియక పోగొట్టుకొన్న బిడ్డను కోపపడినచో, మరియొకమారు ఆ బిడ్డ మీకు చెప్పుటకు జంకును. ఆ జంకులో విలువైన గంటలు గడచిపోవును.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. వారమునకు ఒకమారు స్పామ్ పెట్టె చూడవలెను. గడువు 30 రోజులే.

2. మంచిదానిని 'నాట్ స్పామ్' అనియు, చెడ్డదానిని 'రిపోర్ట్ స్పామ్' అనియు చెప్పి యంత్రమునకు పని నేర్పవలెను.

3. పేరును కాక చిరునామాను చూచి నమ్మవలెను.

4. రెండంచెల తాళము వేయవలెను. ఫార్వర్డింగ్ భాగమును సరిచూడవలెను.

5. డబ్బు పోయినచో వెంటనే 1930.

ఈ పనులన్నిటికిని కలిపి ఒక పూట చాలును. వచ్చు పండుగకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీ ఖాతాను మీరు, వారి ఖాతాను వారు సరిచేసికొనుడు. విత్తనమును చెరిగి, ఏరి, మంచిదని తెలిసిన తరువాతనే మడిలో చల్లు రైతునకు ఈ పని క్రొత్తది కాదు.